మైలేజీ ఆఖర్న అడుగు తమ్ముడూ

నీ ఉత్తరం విశాఖపట్నం కంచరపాలెంలో మా డాబా మీద కూర్చుని చదివాను. సెలవుకి వచ్చి పదకొండు రోజులైంది. కింద వీధిలో ఒక కుర్రాడు టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద రెండు బియ్యం బస్తాలు, ముందు కాళ్ల దగ్గర గ్యాసు బండ పెట్టుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ పోతున్నాడు. నువ్వేమో ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఎనిమిది నెలలుగా యాభై సీసీ మోపెడ్ నడిపి నడిపి విసిగిపోయానని, వెయ్యి పౌండ్ల లోపు గట్టి గేర్ల బండి ఏదో చెప్పమని అడిగావు. చివర్లో "అక్కా, ఏది మైలేజీ బాగా ఇస్తుంది?" అన్నావు. గోపాలపట్నం అని నువ్వు రాయకపోయినా ఆ ఒక్క ముక్కతో మనూరోడివని పోల్చుకుందును.

నేనూ ముందు అదే అడిగాను. అందుకే ఈ జవాబు ఇంత పొడుగు.

నేను 2004లో నర్సుగా ఇంగ్లండ్ వెళ్లాను. అంతకుముందు ఆరేళ్లు నాన్న టీవీఎస్ 50 మీద కేజీహెచ్ పెద్దాసుపత్రికి డ్యూటీకి వెళ్లినదాన్ని. ఆసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడితే పెడల్ కూడా తొక్కేదాన్ని. ఆ ధైర్యంతోనే అక్కడా మోపెడ్ కొన్నాను. పొద్దున్న ఏడున్నరకి డ్యూటీ, ఆదివారం ఆ వేళకి బస్సుండదు, ఇంక వేరే దారేది?

అక్కడ యాభై సీసీ మోపెడ్‌కి తయారీలోనే గంటకి 28 మైళ్ల దగ్గర కళ్లెం వేస్తారు. మన లెక్కలో 45 కిలోమీటర్లు. ఊళ్లో 30 మైళ్ల రోడ్డు మీద ఎలాగో నెట్టుకురావచ్చు. నా దారిలో మాత్రం మైలున్నర పొడుగు డబుల్ రోడ్డు ఉండేది, బళ్లన్నీ డెబ్భై మైళ్ల వేగంలో పోయేవి. గాజువాక నుంచి ఎన్‌ఏడీ దాకా లారీల మధ్య తిరిగినదాన్ని, నాకు లారీ అంటే భయమా అనుకున్నాను. మన లారీవాడు హారన్ కొట్టి, తిట్టి, దాటేసి పోతాడు. వాడెక్కడున్నాడో మనకి తెలుస్తూనే ఉంటుంది. అక్కడివాడు హారన్ కొట్టడు. చప్పుడు చెయ్యకుండా నీ వెనకే, నీ నంబరు ప్లేటుకి ముక్కు ఆనించి వస్తాడు. అద్దంలో రేడియేటర్ జాలీ తప్ప ఏమీ కనపడదు. అలాగే రెండు చలికాలాలు గడిపాను. ఎందుకంటే మోపెడ్ చవక, పౌండుకి ఎనభై రూపాయలు, ప్రతి పౌండునీ గుణించకుండా నిద్రపట్టని రోజులవి. నువ్వు ఎనిమిది నెలలకే మారుతున్నావు. ఆ విషయంలో నాకంటే తెలివైనవాడివే.

2006 నవంబర్లో 125 సీసీ బండి కొన్నాను, 450 పౌండ్లకి. రైల్లో నలభై నిమిషాలు ప్రయాణం చేసి వెళ్లి కొన్నాను. రంగు నిగనిగలాడుతోంది. ట్యాంకు మీద గీత లేదు. అడిగిన మొదటి ప్రశ్న మైలేజీ, రెండో ప్రశ్న తగ్గిస్తారా అని. ఇంజను మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఎండలో ఉంది కదమ్మా" అన్నాడు అమ్మేవాడు. నమ్మాను! నవంబర్లో, ఇంగ్లండ్‌లో, ఎండ! మన ఊళ్లో ఎండకి సీటు కాలి లేచి నిలబడే అలవాటు కదా, బుర్రకి తట్టలేదు. నేను వచ్చే ముందే పావుగంట స్టార్ట్ చేసి ఉంచాడు, చల్లగా ఉంటే అది స్టార్ట్ అవదని. మర్నాడు పొద్దున్న ఆరుంపావుకి తెలిసింది, కిక్కు కొట్టి కొట్టి యూనిఫారం చెమటతో తడిసిపోయాక.

మూడు నెలల్లో వెనక చైను చక్రం, చైను, ముందు టైరు, ఫోర్కు సీళ్లు, హేండిల్ బేరింగులు. మొత్తం 310 పౌండ్లు. బండి ధర 450తో కూడుకో. అరవై వేల రూపాయలు దాటింది. ఆ ఏడే మా తమ్ముడు ఇక్కడ నలభై వేల చిల్లరకి కొత్త స్ప్లెండర్ కొని, నిమ్మకాయలు తొక్కించి, సింహాచలం కొండెక్కించి తెచ్చాడు. అమ్మకి ఫోన్ చేసి బండి మోసం చెబితే "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది. దెబ్బల సంగతి నాకు గుర్తే లేదు, 310 గురించి చెబుతూ కూర్చున్నాను.

దెబ్బలు తగిలాయిలే. మోపెడ్ నుంచి గేర్ల బండికి మారేవాళ్లకి ఇదొక్కటీ గట్టిగా చెప్పాలి. నీ మోపెడ్ మీద ఎడమచేతి లీవర్ వెనక బ్రేకు. గేర్ల బండి మీద అదే క్లచ్. రెండేళ్ల అలవాటు చేతిలో ఉంటుంది, బుర్రలో కాదు. రౌండ్ఎబౌట్ దగ్గర ఎవరో కారు అడ్డం వచ్చింది, నేను ఎడమ లీవర్ గట్టిగా నొక్కాను. బండి ఆగడానికి బదులు పట్టు వదిలి హాయిగా జారుకుంటూ పోయి ముళ్లకంచెలో కూర్చుంది. ఇంకోటి, ఇక్కడ అన్నయ్య స్ప్లెండరో స్నేహితుడిదో నడిపి ఉంటే, గేర్లన్నీ ముందుకి తొక్కడమే అలవాటై ఉంటుంది. అక్కడి 125లకి ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి లేపాలి. పైగేరు అనుకుని కిందికి తొక్కితే ఇంజను పెట్టే కేక నీ వీధి చివరకి వినపడుతుంది. ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు ఆదివారాలు తిరుగు. సిగ్గేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు. నువ్వు వారానికి అరవై మైళ్లు తిరుగుతానన్నావు. ఏడాదికి మూడు వేల మైళ్లు వేసుకుందాం. ఒక బండి గ్యాలనుకి 100 మైళ్లు ఇస్తుంది, ఇంకోటి 120 ఇస్తుంది. మొదటిదానికి 30 గ్యాలన్లు, రెండోదానికి 25. తేడా అయిదు గ్యాలన్లు, వాళ్ల గ్యాలను నాలుగున్నర లీటర్లు కాబట్టి ఇరవై మూడు లీటర్లు. లీటరు పౌండున్నర అనుకున్నా ఏడాదికి 34 పౌండ్లు! నీకు రాత్రుళ్లు నిద్ర లేకుండా చేస్తున్న మైలేజీ ఖరీదు అదీ. ఇన్సూరెన్సు మాత్రం ఒకే మనిషికి, ఒకే బండికి, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ వందల్లో తేడా వస్తుంది. నీ వయసు కుర్రాడికి మొదటి ఏడాది ఇన్సూరెన్సు బండి ధరనే మించిపోవచ్చు. అందుకే ముందు ప్రకటనలో ఉన్న బండి నంబరు పెట్టి ఇన్సూరెన్సు ఎంతో చూడు, తర్వాతే బండి చూడ్డానికి టికెట్ కొను. నేను తలకిందులుగా చేశాను. బండి తెచ్చేసి, ఇంటి ముందు పెట్టేసి, అప్పుడడిగాను. 340 అన్నారు. ఒక్కసారి కట్టలేక నెలనెలా అన్నాను. వడ్డీతో 397 అయింది. నాలుగు నెలలకి ఆసుపత్రి క్వార్టర్స్ ఖాళీ చేసి ఇల్లు మారితే చిరునామా మార్చినందుకు ఇంకో 25. మన బండికి ఇక్కడి కంపెనీ ఇచ్చిన నో క్లెయిమ్ కాగితం లామినేషన్ చేయించి మరీ పట్టుకెళ్లాను. చూసి నవ్వి వెనక్కిచ్చారు.

వీలైతే అప్పు చేసైనా ఏడాదిది ఒకేసారి కట్టు. మీ తరానికి ఫోన్లో అన్నీ నెలవారీగా కనపడితే చవకనిపిస్తుంది, పన్నెండుతో గుణించడం మర్చిపోతారు.

రూల్స్ నేను వల్లించను, ప్రభుత్వం సైటులో అన్నీ ఉన్నాయి, ఇంగ్లీషు చదవగలవు. సీబీటీ అనే తప్పనిసరి మొదటి శిక్షణ, నేర్చుకునేవాళ్లు తగిలించుకునే ఎల్ ప్లేట్లు, అవి ఉన్నంతకాలం వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. సీబీటీ కాగితం రెండేళ్లకే చెల్లిపోతుంది, అదీ డబ్బుతో పనే. నేను అసలు పరీక్షకి భయపడి 2004లో, 2006లో, 2008లో మూడుసార్లు అదే శిక్షణకి డబ్బు కట్టాను. మూడోసారి వెళ్తే నేర్పే ఆయన నన్ను పేరు పెట్టి పలకరించాడు. ఆ డబ్బుతో ఫుల్ లైసెన్సు ఎప్పుడో వచ్చేది. 2010లో పాసయ్యాను, మరుసటి ఏడు ఇన్సూరెన్సు తగ్గింది.

ఒక్క రూలు మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. బండి కొన్నాక సాయంత్రాలు భోజనం డెలివరీ చేసి ఇన్సూరెన్సు డబ్బు రాబట్టుకుంటానని రాశావు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. ఇంకెవరిదో డెలివరీ అకౌంట్ అద్దెకి తీసుకుంటే ఇద్దరికీ చిక్కే. పైగా మామూలు ఇన్సూరెన్సు డెలివరీకి పనికిరాదు, కిరాయికి తిప్పే ఇన్సూరెన్సు వేరు. పోలీసు ఆపితే ఇన్సూరెన్సు లేనట్టే లెక్క. 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు, బండి వాళ్ల యార్డుకి. ఆ ఆరు పాయింట్లు తర్వాత ఏళ్ల తరబడి ఇన్సూరెన్సు బిల్లులో కనపడతాయి. అలా దొరికిపోయిన మా వార్డు పిల్లకి ఆ ఖర్చులన్నీ నేనే కూడి చూపించాను. ఏడ్చింది.

ఏ బండి అంటావా. పాత హోండా సీజీ 125 గురించి అందరూ చెబుతారు. నిజమే, మొండిది, లోపల క్యామ్ చైన్ కూడా లేని పాతకాలపు ఇంజను, 2008 దాకా అమ్మారు. కానీ ఇప్పుడు దానికి అభిమానులు పుట్టుకొచ్చి ధర ఎక్కించేశారు. నీకు జ్ఞాపకాలు కాదు, బండి కావాలి. నేను 2011లో కొన్నది రెండేళ్ల పాత హోండా సీబీఎఫ్ 125. ఇంటికి తెచ్చి ప్లేటు చదివితే ఇండియాలో తయారైంది! ఎనిమిది వేల కిలోమీటర్లు దాటి వచ్చి మన బండే కొన్నానన్నమాట. దానికి ముద్దపప్పు లాంటి స్వభావం, ఏం పెట్టినా అరిగించుకుంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షను కాబట్టి చలిలో చోక్ లాగుతూ బతిమాలే పని లేదు. 2015 నుంచి దాని స్థానంలో సీబీ 125 ఎఫ్ వచ్చింది. యమహా వైబీఆర్ 125 కూడా అలాంటిదే, పాతవి చాలానే దొరుకుతాయి. ఈ మూడింటిలో ఏది దగ్గర్లో, మంచి చరిత్రతో దొరికితే అది తీసుకో. ఊరూపేరూ లేని కొత్త బండి అదే ధరకి వస్తోందని మోజుపడకు. నడవదని కాదు, అమ్మేటప్పుడు అడిగేవాడుండడు. 450 పెట్టి కొన్న నా మొదటి గేర్ల బండికి చివర్లో వచ్చింది 120.

చరిత్ర అంటే ఎంఓటీ చరిత్ర, అక్కడ బండికి ఏటా చేసే తనిఖీ. ప్రభుత్వం సైటులో బండి నంబరు కొడితే ఊరికే చూపిస్తుంది, ఏ ఏడు ఎన్ని మైళ్లు తిరిగింది, ఎందుకు ఫెయిలైంది అన్నీ. మన పెళ్లి సంబంధాలకి జాతకం చూసినట్టు చూడు. మైళ్లు ఒక ఏడు తగ్గాయంటే ఆ సంబంధం వద్దు. వెళ్లే ముందు ఫోన్ చేసి, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టు. చట్రం మీద నంబరు, లాగ్‌బుక్‌లో (మన ఆర్‌సీ లాంటిది) నంబరు ఒకటేనా చూడు. ముందు చక్రం నేల నుంచి లేపించి హేండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు, మధ్యలో టక్కుమని ఆగినట్టుంటే బేరింగులు పోయాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. గీతలు బాగానే ఉన్నా టైరు ముసలిదైపోయి ఉండొచ్చు.

ఆఖరుది తుప్పు. బీచ్ రోడ్డు మీద ఇళ్ల కిటికీ ఊచలు చూశావుగా, పెదజాలరిపేట వైపు ఏ బండి సైలెన్సరైనా చూడు. నాన్న అందుకే ప్రతి ఆదివారం కిరసనాయిలు గుడ్డతో మా టీవీఎస్ తుడిచేవాడు. లెస్టర్‌కి సముద్రం ఎక్కడో ఉంది, అక్కడ తుప్పేమిటని నేను చెయ్యి దులుపుకున్నాను. చలికాలం మంచుకి జారకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారని తెలుసు, అది నా చైనుకి తగులుతుందని తట్టలేదు. ఒక్క చలికాలానికి చైను బిర్రబిగుసుకుపోయింది. వారానికోసారి కడుగు, చన్నీళ్లతోనే. వేణ్ణీళ్లు పోస్తే ఉప్పు ఇంకా తొందరగా తినేస్తుంది. ఆరాక చైనుకి నూనె పట్టించు. డబ్బా ఎనిమిది తొమ్మిది పౌండ్లు, కొత్త చైను, పళ్ల చక్రాల సెట్టు దానికి ఎన్నో రెట్లు. ద్వారకానగర్లో కొన్న ఐఎస్ఐ హెల్మెట్టు తెప్పించుకుంటానన్నావు, వద్దు, అక్కడ ఆ ముద్ర చెల్లదు. అమ్మచేత ఆ బరువుకి ఆవకాయ పంపించుకో.

ఉత్తరంలో సగం పైన ఒంటరితనం గురించి, ఆదివారాలు గదిలో తోచదని రాశావు. చదివాను. ఆదివారం బండి కడుగు, గంట గడుస్తుంది.

నేను వచ్చే పద్నాలుగు దాకా ఇక్కడే ఉంటాను. బండి నచ్చితే అడ్వాన్సు ఇచ్చే ముందు వెనక చైను చక్రం ఫొటో తీసి పంపు, పక్కనుంచి, దగ్గరగా. పళ్లు ఒకవైపుకి వంగి కొక్కేల్లా ఉన్నాయో లేదో నేను చూస్తాను. ఇక్కడ రాత్రి పదిన్నర దాటాక పంపకు, అమ్మ లేస్తుంది.