తాతయ్య ఎందుకు నవ్వలేదు?

ప్రశ్న: మా అమ్మ వాళ్ల నాన్నగారు తెనాలి దగ్గర ఓ పల్లెలో బడిపంతులుగా చేశారు. పార్కిన్సన్స్‌తో ఏళ్ల తరబడి బాధపడి, మొన్న కార్తీకంలో పోయారు. చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పద్యాలు చెప్పించిన మనిషి, చివర్లో నేను వెళ్లినా నవ్వేవారు కాదు. ఇప్పుడు ఆ ముఖమే గుర్తొస్తోంది. నా మీద ఇష్టం పోయిందేమో అనిపిస్తోంది.
– ఓ మనవరాలు, గుంటూరు

జవాబు: లేదమ్మా, అలా అనుకోకండి. ఈ జబ్బులో మెదడులో కదలికలు సాఫీగా సాగేలా చేసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. చేతులు వణకడం ఒక్కటే మనకు కనిపిస్తుంది గానీ, ముఖ కండరాలు కూడా బిగుసుకుపోతాయి. రెప్పపాటు తగ్గుతుంది, గొంతు సన్నబడుతుంది. లోపల సంతోషం ఉన్నా ముఖం మీదికి రాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు డాక్టర్లు ముందే చెప్తే ఎంత బాగుండేదో!

పంతులుగారు కాబట్టి ఆయన రాసిన ఉత్తరాలు, నోట్సులు ఇంట్లో ఉండే ఉంటాయి. పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో చాలామందికి చేతిరాత చిన్నదైపోతుంది. కాబట్టి విశాలమైన పెద్ద అక్షరాలున్న కాగితాలు వెతకండి, మీ సైకిల్ రోజుల తాతయ్య వాటిలో దొరుకుతారు. సంవత్సరీకానికి ఆయన పాత విద్యార్థులను పిలవండి, క్లాసులో ఎలా ఉండేవారో చెప్పించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఆ పద్యాలు మీకు గుర్తున్నంతవరకు మీ అమ్మగారి ముందు చదవండి. మర్చిపోయిన పాదాలు ఆవిడ అందిస్తారు.