ఎక్స్‌లో 0.18 తేడా: నట్ మార్చేముందు
మీ సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్‌లో ఎక్స్ దిశలో 20 మి.మీ. పాకెట్ (కట్టర్‌తో తవ్విన గుంట) 19.82, 60ది 59.82 వస్తోందని, బెడ్‌ని జరిపే స్క్రూ మీది నట్ మార్చాలా అని అడిగారు. పొడవుతో పాటు తేడా పెరగట్లేదు కాబట్టి స్టెప్స్ సెట్టింగ్ (మి.మీ.కి మోటారు ఎన్ని స్టెప్పులు వేయాలన్న లెక్క) జోలికి పోకండి. వైలో కొలత సరిగ్గానే ఉందన్నారు, కట్టర్ మీదా అనుమానం అక్కర్లేదు. ఇది బ్యాక్‌లాషే, అంటే ఎక్కడో వదులుండి, దిశ మారినప్పుడు మోటారు తిరిగినా బెడ్ వెంటనే కదలకపోవడం.

0.01 మి.మీ. డయల్ గేజ్ (కదలికను ముల్లుతో చూపే సాధనం), దాన్ని నిలబెట్టే మాగ్నెటిక్ బేస్ కావాలి. బెంగళూరే కదా, ఎస్పీ రోడ్డులో వెతకండి. బేస్‌ని కట్టర్ ఉండే హెడ్‌కి అంటించి, గేజ్ ప్లంజర్‌ని (కదిలే మొన) బెడ్‌కి ఆనించండి. ప్లస్ వైపు 1 మి.మీ. జరిపి డయల్ సున్నా చేయండి. అదే దిశలో ఇంకో 1 జరిపి, 1 వెనక్కి రండి. ముల్లు సున్నాకి ఎంత దూరంలో ఆగితే బ్యాక్‌లాష్ అంత. బెడ్ మధ్యలో, రెండు చివర్లలో తీయండి. మధ్యలోనే ఎక్కువుంటే స్క్రూ అక్కడ అరిగింది.

ఇప్పుడు అసలు పరీక్ష. గేజ్‌ని స్క్రూ చివర ఆనించి బెడ్‌ని చేత్తో అటూ ఇటూ తోయండి. స్క్రూ కూడా ముందుకీ వెనక్కీ కదిలితే నట్ పాపం ఏమీ చేయలేదు, స్క్రూ చివర బేరింగ్‌ని పట్టి ఉంచే లాక్‌నట్ బిగించండి. గిబ్ (బెడ్ జారే దారిలో వదులు తగ్గించే పట్టీ) వదులుంటే అదీ సరిచేయండి, మరీ బిగిస్తే మోటారు స్టెప్పులు తప్పుతుంది.

ఇవన్నీ చేశాక మిగిలిన 0.03, 0.04 మాత్రమే మాక్3 (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) బ్యాక్‌లాష్ సెట్టింగ్‌లో వేయండి. మీరు వాడేది జీఆర్‌బీఎల్ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ అయితే, దాని అసలు కోడ్‌లో ఆ సదుపాయం లేదు. మొత్తం 0.18నీ సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే క్లైంబ్ మిల్లింగ్‌లో (కట్టర్ తిరిగే వైపే పని కదిలే కోత) కట్టర్ బెడ్‌ని లాగేసుకుంటుంది. వదులు తగ్గేదాకా కన్వెన్షనల్‌గానే, అంటే కట్టర్ తిరిగే దిశకి ఎదురుగా పని కదిలేలా కోయండి.