చిన్న డిస్ట్రిక్ట్‌లో ఫ్రీ ప్రీస్కూల్: ఆ శాతాలు చూసి భయపడాలా?

న్యూజెర్సీలో ఒకే ఒక్క ఎలిమెంటరీ స్కూల్ ఉన్న చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (అంటే ఊళ్ళోని ప్రభుత్వ స్కూళ్ళని నడిపే విభాగం) మారుతున్నాం, అక్కడ ఫ్రీ ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు ప్రీస్కూల్) ఉంది, కానీ ఆన్‌లైన్‌లో చూస్తే స్కోర్లు తక్కువ, పేద కుటుంబాల శాతం ఎక్కువ, స్పెషల్ ఎడ్యుకేషన్ శాతం ఇంకా ఎక్కువ, మనవాళ్ళు దాదాపు లేరు, పాపని వెయ్యొచ్చా లేక డబ్బు పోసి ప్రైవేట్ డేకేర్‌లోనే ఉంచాలా అని కదా మీరు అడిగింది. మా అబ్బాయి అలాంటి డిస్ట్రిక్ట్‌లోనే మూడేళ్ళప్పుడు చేరి రెండేళ్ళు చదివాడు. నా మాట: వెయ్యండి. కాకపోతే ముందు ఒకసారి క్లాసులోకి వెళ్ళి కూర్చుని చూసి రండి.

స్కోర్ల సంగతి ముందు తేల్చేద్దాం. న్యూజెర్సీలో రాష్ట్ర పరీక్ష మొదలయ్యేదే మూడో తరగతిలో. కాబట్టి మీరు చూసిన రేటింగ్ ఎనిమిది, తొమ్మిదేళ్ళు, అంతకు పైబడిన పిల్లలది, వాళ్ళలో కొందరు ఆ ప్రీస్కూల్ గడప కూడా తొక్కి ఉండరు, రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఆ ఊరికి వచ్చి ఉంటారు. పైగా తరగతికి ఇరవై మంది ఉన్నచోట ఒక్క పిల్లాడంటే 5 శాతం. ఇద్దరు పిల్లలకి ఆ రోజు ఒంట్లో బాగోకపోయినా, ఒక కుటుంబం ఊరు మారిపోయినా గ్రాఫ్ ఎటో పోతుంది. న్యూజెర్సీలో దాదాపు 600 డిస్ట్రిక్టులు ఉన్నాయి, చాలా చిన్నవాటికి సొంత హైస్కూల్ కూడా ఉండదు, పక్క ఊరికి పంపుతారు. అలాంటి చోట ఒక్క ఏడాది అంకెలు పట్టుకుని టెన్షన్ పడకండి, చూస్తే నాలుగైదేళ్ళవి కలిపి చూడండి.

ఇక స్పెషల్ ఎడ్ శాతం. వైకల్యం ఉన్న పిల్లలకి మూడేళ్ళు నిండిన దగ్గర్నుంచి సర్వీసులు ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ బాధ్యత. మామూలు పిల్లలకి సీట్లు తక్కువున్నా ఈ పిల్లలకి చోటు ఇచ్చి తీరాలి, అందుకే చిన్న ప్రీస్కూళ్ళలో ఆ అంకె అంత పెద్దగా కనిపిస్తుంది. దీన్ని చూసి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడే తీరు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మావాడికి మాటలు ఆలస్యం. డిస్ట్రిక్ట్‌లో పిల్లల ఇబ్బందుల్ని అంచనా వేసే చైల్డ్ స్టడీ టీమ్‌కి ఉత్తరం రాసి ఇస్తే పైసా ఖర్చు లేకుండా పరీక్షించి స్పీచ్ థెరపీ పెట్టారు. థెరపిస్ట్ వాడిని వేరే గదికి తీసుకెళ్ళకుండా, బ్లాకులు పేర్చే మూలలో వాడి పక్కనే నేల మీద కూర్చునేది, బొమ్మ లారీ వాడి చేతికి ఇవ్వకుండా తన దగ్గరే పట్టుకుని, వాడు నోరు తెరిచి అడిగేదాకా ఆగేది. పక్కన ఆడుకునే పిల్లలు కూడా వాడికోసం ఆగడం నేర్చుకున్నారు. ఇదేదీ ఏ రిపోర్ట్‌లోనూ రాదు.

పేదరికం అంకె దగ్గర ఇంకో మాట. 1998లో పేద డిస్ట్రిక్టుల స్కూల్ నిధుల మీద నడిచిన అబాట్ కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆదేశించబట్టే ఇక్కడి పేద డిస్ట్రిక్టుల్లో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకి ఫ్రీ ప్రీస్కూల్ వచ్చింది: క్లాసుకి 15 మందికి మించకూడదు, సర్టిఫికెట్ ఉన్న టీచర్ ఒకరు, తోడుగా అసిస్టెంట్ ఒకరు. రట్గర్స్ యూనివర్సిటీలోని పరిశోధకులు ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే, ప్రీస్కూల్ చదివిన లాభం నాలుగు, ఐదు తరగతుల దాకా నిలిచింది, రెండేళ్ళు చదివినవాళ్ళకి ఎక్కువగా కనిపించింది. 2018 తర్వాత రాష్ట్రం అదే పద్ధతికి డబ్బిచ్చి మరిన్ని డిస్ట్రిక్టులకి విస్తరిస్తూ వచ్చింది. అంటే ఏ కుటుంబాల శాతం చూసి మీరు వెనకాడుతున్నారో, ఈ ప్రోగ్రామ్ మొదలైందే ఆ కుటుంబాల కోసం, దాని పనితనం రుజువైందీ అక్కడే. మీ డిస్ట్రిక్ట్‌కి ఈ నిధులు వస్తున్నాయా లేదా అన్నది మాత్రం తప్పకుండా అడగండి, ఎందుకంటే సొంతంగా నడుపుకునేవాళ్ళ దగ్గర సగం పూటే ఉండొచ్చు, ఫీజూ ఉండొచ్చు.

మనవాళ్ళు లేకపోతే పాపకి భాష ఇబ్బంది అవుతుందేమో అన్నారు. మొదటి నెల కష్టమే, మావాడు గేటు దగ్గర నా చొక్కా వదిలేవాడు కాదు. వాళ్ళ టీచర్ నన్ను అడిగి నీళ్ళు, ఆకలి, నొప్పి, అమ్మ వస్తుంది లాంటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని సింక్ పైన అంటించుకుంది, తనకి నోరు తిరక్కపోయినా వాడితో అనేది. ఇంట్లో తెలుగు ఆపొద్దని కూడా ఆవిడే చెప్పింది.

అందుకే క్లాసుకి వెళ్ళి చూడమంటున్నా. గోడల మీద బొమ్మలు అన్నీ ఒకేలా ఉన్నాయా, పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేశారా చూడండి. టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగుతోందా, తనే చెప్పేస్తోందా గమనించండి. ఒక పిల్లాడు ఏడిస్తే ఎవరు లేచి వెళ్తున్నారో చూడండి. గత రెండు మూడేళ్ళలో టీచర్లు ఎంతమంది మారారో ప్రిన్సిపాల్‌ని అడగండి. నా లెక్కలో ఈ ఒక్క జవాబు ఆన్‌లైన్ రేటింగ్ కంటే ఎక్కువ చెప్తుంది.

అసలు ఇబ్బంది మీ ఉద్యోగాలతో వస్తుంది. స్కూల్ రోజు ఆరు గంటలే, మధ్యాహ్నం మూడు లోపే వదిలేస్తారు, వేసవిలో ఉండదు. ఇద్దరూ ఆఫీసుకి వెళ్తుంటే ఆఫ్టర్‌కేర్ (స్కూల్ వదిలాక పిల్లల్ని చూసుకునే ఏర్పాటు) దొరుకుతుందా, దానికి ప్రీ-కె పిల్లల్ని తీసుకుంటారా కనుక్కోండి, చాలాచోట్ల కిండర్‌గార్టెన్ నుంచే తీసుకుంటారు. సీట్లు లాటరీలో ఇస్తుంటే ఇంటి లీజ్ చేతికి రాగానే దరఖాస్తు పెట్టండి, సీటు రాకపోయినా వెయిటింగ్ లిస్ట్‌లో పేరు ఉంచండి, సెప్టెంబర్‌లో స్కూల్ తెరిచాక కొన్ని ఖాళీ అవుతుంటాయి. మాకు అలాగే దొరికింది.