మ్యువాన్ ప్రయోగం తప్పా? కదిలింది కొలత కాదు, లెక్క

"మ్యువాన్ ప్రయోగం కొత్త బలాన్ని పట్టుకుందని 2021లో పత్రికలన్నీ రాశాయి, 2025లో అలాంటిదేమీ లేదంటున్నారు. అయితే మొదటి ప్రయోగం తప్పా?" అని మీరు అడిగారు. ప్రయోగం తప్పు కాదు. దాన్ని వివరించిన నాలాంటి వాళ్లు తొందరపడ్డారు. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. 2021 ఏప్రిల్ 7న అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల తొలి ఫలితం ప్రకటించిన వారంలోనే, కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతిలో కెమెరా ముందు చిన్న తెల్లబోర్డు నిలబెట్టి, దాని మీద రెండు సంఖ్యలను ఒకదాని కింద ఒకటి రాశాను. పైన కొలిచిన విలువ 0.00116592061, కింద సిద్ధాంతం చెప్పిన విలువ 0.00116591810, చివరి అంకెల్లో 43 అటూ ఇటూ. తీసివేస్తే చివరి అంకెల్లో 251 మిగిలింది. ఆ 251లోనే ఇంతవరకూ ఎవరూ చూడని కణం దాగి ఉండవచ్చునని చాలా ఉత్సాహంగా చెప్పాను.

ఈ సంఖ్య దేనిదో ముందు చెప్పాలి. మ్యువాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే దానికన్నా దాదాపు 207 రెట్లు బరువైన కణం. ఇది తన చుట్టూ తాను తిరిగే చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అయస్కాంత బలాన్ని తెలిపే "జి" అనే రాశి సరిగ్గా 2 ఉండాలని 1928 నాటి డిరాక్ సమీకరణం చెబుతుంది. కానీ శూన్యం నిజంగా శూన్యం కాదు. అందులో క్షణకాలం పుట్టి గిట్టే కణాలు మ్యువాన్‌ను తాకి జి విలువను 2 కన్నా రవ్వంత పెంచుతాయి. ఆ పెరుగుదలలో సగమే నేను బోర్డు మీద రాసిన సంఖ్య. మనకు తెలియని బరువైన కణం ఏదైనా ఉంటే దాని జాడ కూడా అందులోనే కనిపించాలి, అదీ ఎలక్ట్రాన్‌లో కన్నా సుమారు నలభై వేల రెట్లు ఎక్కువగా. ఇంతమంది ఇన్నేళ్లు దీని వెంట పడటానికి కారణం ఇదే.

కొలిచే పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. సుమారు 14 మీటర్ల వ్యాసం, 1.45 టెస్లాల అయస్కాంత క్షేత్రం ఉన్న వలయంలో మ్యువాన్లను తిప్పుతారు. బొంగరం తల ఊపినట్టు వాటి స్పిన్ దిశ, అంటే ఆ చిన్న అయస్కాంతం చూపే దిశ కూడా తిరుగుతూ ఉంటుంది. జి సరిగ్గా 2 అయితే స్పిన్ దిశ, ప్రయాణ దిశ జంటగా సాగాలి. స్పిన్ ఎంత ముందుకు పోతున్నదో అదే మనకు కావలసిన కొలత. మ్యువాన్ క్షయమైనప్పుడు వెలువడే పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ జంటకణం) స్పిన్ చూపే దిశలో వెళ్లడానికే మొగ్గుతుంది కాబట్టి, వలయం లోపలి అంచున ఉన్న 24 డిటెక్టర్లలో పడే పాజిట్రాన్ల సంఖ్య అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ అల వేగాన్ని లెక్కిస్తారు. ఈ వలయం మొదట న్యూయార్క్ సమీపంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పనిచేసింది. 2013లో దాని తీగచుట్టలను విడదీయకుండా పడవ మీద, ఆపైన లారీ మీద దాదాపు 5000 కిలోమీటర్లు మోసుకువచ్చి ఇల్లినాయ్‌లోని ఫెర్మీల్యాబ్‌లో దించారు. ఫలితం తమకు నచ్చిన వైపు ఒరగకుండా, విశ్లేషణ పూర్తయ్యేదాకా, ఆ అలను కొలిచే గడియారపు అసలు పౌనఃపున్యాన్ని శాస్త్రవేత్తలకే తెలియనీయలేదు. బృందంలో లేని ఇద్దరి వద్ద అది కవర్లలో ఉండేది.

ఇంత జాగ్రత్త తీసుకున్నా, తేడా వచ్చినప్పుడు మనం మొదట అనుమానించేది యంత్రాన్నే. నాకు ఆ అలవాటు ఎమ్మెస్సీ ప్రయోగశాలలో అబ్బింది. మ్యువాన్ జీవితకాలం 2.2 మైక్రోసెకన్లు, దాన్ని ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే పదార్థం) పలకతో కొలవడం మా వంతుకు వచ్చింది. అరచేతంత మేరలో ఆకాశం నుంచి నిమిషానికి వంద చొప్పున పడవలసిన మ్యువాన్లు మా లెక్కింపు యంత్రంలో అంతకు ఎన్నో రెట్లు కనిపించాయి. రెండు రోజులు తలలు పట్టుకున్నాం. మూడో రోజు రాత్రి ఇంటికి బయలుదేరుతూ గదిలో ట్యూబులైటు ఆర్పగానే ఆ సంఖ్య ధబాలున పడిపోయింది. చుట్టిన నల్ల టేపు ఒక మూల లేచి, వెలుగు లోపలికి దూరుతోందన్నమాట. అందువల్ల 2021లో తరగతిలో నేను చెప్పిందల్లా కొలతను ఎన్ని విధాలుగా సరిచూశారన్నదే. రెండో సంఖ్య జోలికే పోలేదు.

ఆ రోజు ఒక విద్యార్థిని చాట్‌లో ఇలా అడిగింది: "సార్, రెండోది లెక్క కట్టిన విలువ కదా, దానికి కూడా ప్లస్ ఆర్ మైనస్ 43 ఎందుకుంది?" గణనలో ఉజ్జాయింపులు ఉంటాయని చెప్పి ముందుకు వెళ్లిపోయాను. అది అరకొర జవాబు. మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది.

సిద్ధాంతపు విలువలో ఎక్కువ భాగం విద్యుదయస్కాంత చర్యలది, దాన్ని కణాల చర్యలను గీతల్లో చూపే ఫైన్‌మన్ చిత్రాలు పన్నెండు వేలకు పైగా అయ్యేదాకా వెళ్లి లెక్కించారు. అక్కడ పేచీ లేదు. పేచీ అంతా ప్రోటాన్ వంటి కణాల లోపల ఉండే క్వార్కుల వాటా దగ్గరే. క్వార్కుల మధ్య బలం ఎంత గట్టిదంటే మామూలు పద్ధతులు అక్కడ పనిచేయవు. అందుకని ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించి ఎన్ని పయాన్లు (క్వార్కులతో ఏర్పడే తేలికైన కణాలు) పుడుతున్నాయో ఇతర ప్రయోగశాలల్లో కొలిచి, ఆ కొలతల నుంచి శూన్యంలోని క్వార్కుల ప్రభావాన్ని రాబట్టేవారు. అంటే 2020లో అంగీకరించిన "సిద్ధాంత విలువ" లోపల కూడా ప్రయోగాలే ఉన్నాయి, ఆ ప్రయోగాల దోషాలూ ఉన్నాయి. 2021లో ఆ 251 తేడాను 4.2 సిగ్మా అన్నారు, అంటే మొత్తం అనిశ్చితికి 4.2 రెట్లు. ఆ మాటకు బలం ఆ 43 సరైనదైతేనే.

రెండో దారి లాటిస్ పద్ధతి. దేశకాలాన్ని గళ్ల నోటుపుస్తకంలా చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, క్వార్కుల సమీకరణాలను సూపర్ కంప్యూటర్ల మీద నేరుగా లెక్కించడం. బుడాపెస్ట్, మార్సే, వుప్పర్టాల్ నగరాల పేర్లతో పిలిచే బృందం ఈ దారిలో పెద్ద విలువను రాబట్టింది. ఆ విలువతో చూస్తే కొలతతో తేడా చాలావరకు కరిగిపోయింది. వారి వ్యాసం సరిగ్గా ఫెర్మీల్యాబ్ ప్రకటన రోజే అచ్చయింది. నేను దాన్ని తరగతిలో ఒక్క వాక్యంతో దాటేశాను, ఎందుకంటే అది నా కథకు అడ్డం. తరువాత ఇతర లాటిస్ బృందాలు వేర్వేరు విధాలుగా లెక్కించి అటువైపే చేరాయి. 2023 ఫిబ్రవరిలో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో సీఎండీ-3 ప్రయోగం పయాన్ జంటలను కొలిస్తే, పాత కొలతలన్నిటికన్నా ఎక్కువ వచ్చింది, అదీ లాటిస్ విలువ వైపే.

2025లో సిద్ధాంత బృందం పయాన్ కొలతలను పక్కన ఉంచి, లాటిస్ ఆధారంగా కొత్త విలువను ప్రకటించింది: 0.00116592033, చివరి అంకెల్లో 62 అటూ ఇటూ. జూన్ 3న ఫెర్మీల్యాబ్ తుది ఫలితం వచ్చింది. బ్రూక్‌హేవెన్ కొలతలతో కలిపిన సగటు 0.001165920715. మొదట నేను బోర్డు మీద రాసిన సంఖ్యలను వీటి పక్కన పెట్టి చూడండి. అవే అంకెల స్థానాల్లో లెక్కిస్తే, నాలుగేళ్లలో కొలత కదిలింది పదిన్నర మాత్రమే, లెక్క కదిలింది 223. ఇప్పుడు మిగిలిన తేడా 38, దాని అనిశ్చితి 63.

కాబట్టి "ఏమీ దొరకలేదు" అనడం కూడా సరికాదని నా అభిప్రాయం. కొలత ఇప్పుడు వంద కోట్లలో 124 వంతుల కచ్చితత్వంతో ఉంది. లెక్క ఇంకా దానికన్నా నాలుగు రెట్లు ముతకగా ఉంది. కొత్త కణం ఉన్నా ఆ ముతకదనంలో కనిపించకపోవచ్చు. నోవోసిబిర్స్క్ కొలతకూ పాత కొలతలకూ పొత్తు ఎందుకు కుదరడం లేదన్నది ఇంకా తేలలేదు. ఇటు జపాన్‌లోని జె-పార్క్‌లో చల్లబరచిన మ్యువాన్లతో, పూర్తిగా వేరే పద్ధతిలో ఇదే రాశిని కొలవడానికి సన్నాహాలు సాగుతున్నాయి. చాట్‌లో ప్రశ్న వేసిన అమ్మాయి చదువు ముగించుకుని వెళ్లిపోయింది. కిందటి ఏడాది ఆమె నంబరు వెతికి పట్టుకుని, ఆ 43 ఎక్కడి నుంచి వచ్చిందో ఆలస్యంగానైనా రాసి పంపాను.