పేరు కాదు, నంబరు చూడమని రాయి

తమ్ముడికి,

ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో (అంటే నెట్‌వర్క్ మీదుగా సర్వరు ఫోల్డర్ని క్లయింటు వాడుకునే ఏర్పాటులో) ‘పర్మిషన్ డినైడ్’ వస్తే ఏం చేయాలో తెలుగులో రాస్తున్నావు, చాలా సంతోషం. కానీ రెండో పేరాలోనే ‘సీహెచ్‌మాడ్ 777 ఇవ్వండి’ అన్నావు, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయమని. ఆ వాక్యం కొట్టేయి. చాలాసార్లు దానితో ఎర్రర్ పోనే పోదు. పోయినా అందరి ఫైళ్లనీ అందరూ చెరిపేసే వీలు మిగులుతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది.

మామూలు సెటప్‌లో, అంటే సెక్యూరిటీ ‘సిస్’ మోడ్‌లో ఉన్నప్పుడు, క్లయింటు సర్వరుకి పంపేది పేరు కాదు, నంబరు. క్లయింటులో లక్ష్మి యూఐడీ (యూజరు నంబరు) 1001, సర్వర్లో 1001 శ్రీనుది అయితే, సర్వరు ఆమెను శ్రీనుగానే లెక్కేస్తుంది. దీన్ని చెప్పి ఊరుకోకు, చూపించు. క్లయింటులో ‘ఐడీ’ కమాండ్ కొట్టించు. సర్వర్లో ‘ఎల్‌ఎస్’కి ఎల్, ఎన్ ఆప్షన్లు ఇప్పించు. ఓనరు పేరు ఉండాల్సిన చోట అంకె వస్తుంది. రెండు అంకెలూ పక్కన పెట్టుకుంటే తేడా చదివేవాడికే తెలుస్తుంది. ప్రతి కమాండ్‌కీ ముందు అది ఏ మెషీన్‌లో కొట్టాలో రాయి. నీ చిత్తుప్రతిలో అది ఎక్కడా లేదు.

ఎర్రర్ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు దింపు. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటే క్లయింటు తగిలించుకున్న మౌంటో, సర్వరు పంచిన ఎక్స్‌పోర్టో రీడ్ ఓన్లీగా ఉంది. అక్కడ సీహెచ్‌మాడ్‌తో పనే లేదు. రూట్‌గా (అడ్మిన్ యూజరుగా) ఓనర్ని మార్చబోతే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది రూట్ స్క్వాష్‌ని: రూట్ నంబరైన 0 వస్తే సర్వరు దాన్ని 65534గా, అంటే నోబడీగా మార్చేస్తుంది. దాన్ని తీసేయమని సలహా ఇవ్వకు. ఓనర్ని మార్చే పని సర్వర్లోనే చేయమను.

ఎక్స్‌పోర్ట్స్ ఫైలుకి (ఏ ఫోల్డరు ఎవరికి ఇవ్వాలో సర్వర్లో రాసుకునే ఫైలుకి) మాత్రం ఓ పేరా పూర్తిగా ఇవ్వు. ‘192.168.1.0/24(ఆర్‌డబ్ల్యూ)’ అని, అంటే ఆ నెట్‌వర్క్‌కి చదివే, రాసే హక్కు ఇస్తూ, కలిపి రాయాల్సిన చోట బ్రాకెట్ ముందు ఒక్క స్పేస్ పడితే అర్థం తలకిందులవుతుంది. ఆ నెట్‌వర్క్‌కి డిఫాల్ట్ అయిన రీడ్ ఓన్లీ దక్కుతుంది, రాసే హక్కు లోకమంతటికీ పోతుంది. కంటికి ఆనని తప్పు కాబట్టి తప్పు లైను, ఒప్పు లైను ఒకదాని కింద ఒకటి అచ్చువేయి. సరిచేశాక ‘ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్’కి ఆర్, ఏ ఆప్షన్లు, తర్వాత వీ ఇచ్చి చూసుకోమను.

గ్రూపుల సంగతి నువ్వు వదిలేశావు. సిస్ మోడ్‌లో అదనపు గ్రూపులు 16 వరకే వెళ్తాయి. 17వ గ్రూపు ద్వారా వచ్చిన హక్కు సర్వరుకి తెలియదు. లోకల్‌లో తెరుచుకున్న ఫోల్డరు షేర్‌లో తెరుచుకోదు. సర్వర్లో మౌంట్లు చూసుకునే ప్రోగ్రాం మౌంట్‌డీకి ‘మేనేజ్ జీఐడీస్’ ఆప్షన్ ఇస్తే సర్వరు తన దగ్గరున్న గ్రూపుల జాబితానే చూసుకుంటుంది, కాబట్టి ఆ గ్రూపులు సర్వర్లోనూ ఉండాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4లో ఓనర్లంతా ‘నోబడీ’గా కనిపిస్తే పేర్లని నంబర్లతో జతచేసే ఐడీమ్యాప్‌డీలో రెండు వైపులా డొమైన్ ఒకటేనా అని చూడమను. పై ఫోల్డర్లలో ఎక్కడైనా ఎక్స్ బిట్ (ఫోల్డర్లోకి వెళ్లే హక్కు) లేకపోతే ‘నేమ్‌ఐ’ కమాండ్‌కి ఎల్ ఆప్షన్ ఇస్తే బయటపడుతుంది.

ఇంకోటి. లైనక్స్ క్లయింటు ఫైలు వివరాల్ని డిఫాల్ట్‌గా 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్లవి 30 నుంచి 60 సెకన్లు దాచుకుంటుంది. సర్వర్లో ఒక మార్పు చేశాక నిమిషం ఆగి చూడమని రాయి. లేకపోతే మందు పనిచేయలేదనుకుని పైన ఇంకో నాలుగు మార్పులు చేస్తారు, ఏది పనిచేసిందో చివరికి తెలియదు.

తిరగరాసి పంపేటప్పుడు ఏ లైనక్స్ డిస్ట్రో, ఏ ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ మీద కొట్టి చూశావో మొదటి లైన్లోనే వేయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య