బ్యారేజీ పేరు వెనక బారిస్టరు

ప్రశ్న: రోజూ సీతానగరం నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా విజయవాడలో కాలేజీకి వెళ్తాను. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా చేశారని తెలుసు. ఢిల్లీ చట్టసభలోనూ ఉన్నారా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఉన్నారమ్మా. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత రాజ్యాంగ సభలోనూ సభ్యులే. కానీ నాకు ఆయన వకీలు రోజులే ఎక్కువ ఇష్టం. ముప్పై ఏళ్లు నల్లకోటుతో బెజవాడ కోర్టు మెట్లు ఎక్కినవాణ్ణి మరి! రాజమండ్రిలో ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ పట్టాతో పై కోర్టులో వాదించడానికి వీల్లేదు. ఆ అడ్డు దాటడానికే ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసులో రెండు చేతులా సంపాదించారు. 1921లో ప్రాక్టీసు వదిలి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. సంపాదించిందంతా అందులోనే కరిగిపోయింది. ఫీజు బకాయిలకే నిద్రపట్టని మాబోటి వాళ్లకు ఇది మింగుడుపడదు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు గుండె చూపిందీ ఈ ప్లీడరుగారే.

అన్నట్టు, ఆయన పుట్టింది ఒంగోలు ప్రాంతంలో. 1904 నుంచి 1970 దాకా ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే. అంటే ఆయన కృష్ణకు గుంటూరు వైపున్న మీ ఒడ్డు మనిషే!