అమ్మలూ, ఆఫీసు మాటల సంగతి

అమ్మలూ,

"అత్తా, మీటింగులో సగం మాటలు అర్థం కావట్లేదు, అడిగితే నవ్వుతారేమో" అని మెసేజ్ పెట్టావు. నవ్వరులే. తల ఊపుతున్నవాళ్లలో చాలామందికీ తెలియదు.

ముందు పనికొచ్చేవి పట్టుకో. పీ-వన్ టికెట్ (అన్నిటికన్నా అత్యవసరమైన ఫిర్యాదు), ఎస్‌ఎల్‌ఏ (ఎంతసేపట్లో పని చేస్తామన్న ఒప్పందం), రోల్‌బ్యాక్ (కొత్త మార్పు తీసేసి పాత వెర్షన్‌కి వెళ్లడం), ఆర్‌సీఏ (తప్పుకి అసలు కారణం వెతకడం) లాంటివి. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు "పీ-వన్" అంటే చాలు, ఎవరు నిద్ర లేవాలో, ఎంతసేపట్లో జవాబివ్వాలో టీమంతటికీ తెలిసిపోతుంది. ఇలాంటివి బట్టీ కొట్టైనా నేర్చుకో.

మిగతాదంతా ఊకదంపుడు. అలైన్ అవుదాం (ఒక మాట మీదికి వద్దాం), సినర్జీ (కలిసి చేస్తే వచ్చే బలం), సర్కిల్ బ్యాక్ (తర్వాత మళ్లీ మాట్లాడదాం)... ఈ మాటల్లో పని ఎవరిదో ఉండదు, ఎప్పటికో ఉండదు. "దీన్ని ఆఫ్‌లైన్‌లో చూద్దాం", అంటే మీటింగు బయట మాట్లాడదాం అన్నారంటే చాలాసార్లు అది అటకెక్కినట్టే. అప్పుడు నువ్వు మెల్లగా "సరే సర్, రేపు పదకొండుకి కాల్ పెడతాను, ఎవరెవరిని పిలవమంటారు?" అను. ఎదురు చెప్పినట్టూ ఉండదు, పనీ ఆగదు. అంతేగానీ మేనేజర్ ఇంగ్లీషు సరిదిద్దబోకు. ఆయనా పైవాళ్ల దగ్గర నేర్చుకున్నదే వల్లిస్తున్నాడు పాపం.

ఈఓడీతో (ఎండ్ ఆఫ్ డే, ఆ రోజు పని ముగిసేలోగా అని) మాత్రం జాగ్రత్త. మీ క్లయింట్ డాలస్ అన్నావుగా. నీకు ఈఓడీ అంటే ఇక్కడి సాయంత్రం ఆరు. వాళ్ల ఆరంటే వేసవిలో మనకు మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. ఇంత తేడా పెట్టుకుని మూడక్షరాలతో సరిపెడితే గొడవే. "గురువారం సాయంత్రం 6, ఐఎస్‌టీ" అని రాయి. అలాగే "ప్లీజ్ రివర్ట్". మన ఆఫీసుల్లో జవాబివ్వమని. గిట్‌లో (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసెయ్యడం. కోడ్ గురించి రాసే మెయిల్లో ఆ మాట చూసి అక్కడివాళ్లు ఏం చేస్తారో ఊహించుకో! "రిప్లై" అను, చాలు.

నవ్వి వదిలెయ్యకూడనివి కొన్నున్నాయి. రైట్‌సైజింగ్ అంటే మనుషుల్ని తీసెయ్యడం. ఎవరినైనా "పిప్‌లో (పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్) పెట్టారు" అంటే, అందులో ఇంప్రూవ్‌మెంట్ అన్న మాట ఉంది కదా అని ట్రైనింగ్ అనుకోకు. చాలాచోట్ల అది బయటికి దారి. ఆ మాట నీదాకా వస్తే, టార్గెట్లేమిటి, ఏ తేదీలోగా, చూసి తేల్చేదెవరు, ఈ మూడూ మెయిల్లో రాయించుకో. నోటిమాటకు సరేననకు. ఆ రాత్రి ఎంతైనా సరే, నాకు ఫోన్ చేసి, రెజ్యూమే పంపు.

మీ అత్త